పటికకు ఎముకలుంటాయా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది కొన్నా రెండేసి కొనేవారు. పెదనాన్నగారూ నాన్నగారూ బెజవాడ పటమటలో ఒకే ఇంట్లో కాపురముండేవారు. ఆటోనగర్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే లారీల షెడ్డు. పెదనాన్నగారి అమ్మాయికి గౌను కుట్టిస్తే అదే తానులోంచి నాకూ ఒకటి కుట్టించేవారు. దానికి రిబ్బన్లు తెస్తే నాకూ తెచ్చేవారు. అది నాకన్నా కొద్ది నెలలే పెద్ద. ఆ కాస్త పెద్దరికానికే దాన్ని నేను అక్కా అని పిలవాలి. గౌన్లు రెండు, రిబ్బన్లు రెండు జతలు, గొడుగులు రెండు. అత్తయ్య మాత్రం ఒక్కతే. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

అత్తయ్య అంటే మా మేనత్త, నాన్నగారి చెల్లెలు. వాల్తేరులో ఫిజిక్సు చదివి, అక్కడే లాబొరేటరీలో పరిశోధన చేస్తుండేది. సెలవులకు వచ్చిందంటే ఇల్లంతా ఆమె వెనకే తిరిగేది. నాకు అక్షరాలు దిద్దించింది అత్తయ్యే. వచ్చినప్పుడల్లా నా పక్కనే పడుకునేది. కాబట్టి ఆమె నా సొత్తని నేను ఎవరినీ అడక్కుండానే తేల్చేసుకున్నాను. అలాంటిది ఆ ఏడు వేసవిలో వచ్చీ రాగానే అక్క చేతిరాత చూసి, "ముత్యాల్లా ఉన్నాయే నీ అక్షరాలు" అంది. నా పుస్తకం పక్కనే ఉంది. దాన్నీ తిరగేసింది గాని ఏమీ అనలేదు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

మా షెడ్డుకు వచ్చే లారీల వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ అని రంగులతో రాసి ఉండేది. అది చదివినప్పుడల్లా ఎవరో నన్ను దృష్టిలో పెట్టుకునే రాశారనిపించేది. అక్క జడ నా జడకంటే బారు. అక్క పాడితే వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగేవారు, నేను పాడితే నానమ్మ ఏదో ఒక పని చెప్పేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, నాకు పొరుగింటిదాకా వెళ్ళే అవసరమే లేకపోయింది. కళ్ళలో నిప్పులు పోసుకోవడానికి కావలసిన సరుకంతా మా ఇంట్లోనే ఉంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా బెజవాడలో రోళ్ళేం ఖర్మ, మనుషులే పగిలిపోతారు. మమ్మల్ని ఎండలోకి పోనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టడానికి అత్తయ్య ఒక పని కల్పించింది. అప్పట్లో కాలువ నీళ్ళు బురదగా వచ్చేవి. నానమ్మ బిందెలో పటిక ముక్కను కాసేపు తిప్పి వదిలేస్తే తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. ఆ పటికనే అత్తయ్య అడిగి తీసుకుంది. వేడినీళ్ళలో ఇక కరగనన్నంత వరకూ కరిగించి, చల్లార్చి, వడగట్టింది. ఆ నీళ్ళు కొన్ని పళ్ళెంలో పోసి కదపకుండా ఉంచితే అడుగున కందిపప్పు బద్దలంత పలుకులు ఏర్పడ్డాయి. మంచివి రెండు ఏరి, సన్నటి పోగులకు కట్టి, మిగిలిన నీళ్ళను రెండు గాజుగ్లాసుల్లో పోసి చెరొకటి వేలాడదీసింది. ఒకటి అక్కది, ఒకటి నాది. నీళ్ళు మెల్లగా ఆవిరవుతుంటే అందులో కరిగిన పటిక వచ్చి ఆ పలుకు మీద వరుసలు వరుసలుగా పేరుకుంటుందనీ, అలా స్ఫటికం పెరుగుతుందనీ చెప్పింది. బాగా పెరిగినదాన్ని తనతో వాల్తేరు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీస్తానంది.

వడియాల పిండి కలుపుతున్న నానమ్మ ఆ మాట విని చెయ్యి ఆపింది. ఆవిడకు తెలిసిన ఎక్స్‌రే ఒక్కటే, ఎంతకీ దగ్గు తగ్గకపోతే పెద్దాసుపత్రిలో తీసేది.

"ఎక్స్‌రేలో ఎముకలు కదే కనబడేది? పటికకు ఎముకలుంటాయా?"

"ఉంటాయమ్మా. అవెలా ఉన్నాయో చూడ్డమే నా పని" అంది అత్తయ్య.

నాకు ఎముకలతో పనిలేదు. అత్తయ్య పెట్టెలో వాల్తేరు వెళ్ళేది ఎవరిది అన్నదొక్కటే నాకు కావాలి. అక్కది వెళ్ళిందా, ఇక అత్తయ్య కూడా అక్కదైపోతుంది. అలాగని ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకున్నాను, గట్టిగా నమ్మాను కూడా.

గ్లాసులు రెండింటినీ అత్తయ్య మంచినీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో పెట్టింది. ఇంట్లో కల్లా చల్లటి చోటు అదే. చూడొచ్చు గాని ముట్టుకోకూడదంది. అక్కేమో, చెప్పిన మాట వినే పిల్ల. పొద్దున ఒకసారి చూసి తన పని తను చూసుకునేది. నేను పొద్దస్తమానం అక్కడే గొంతుక్కూర్చుని, దాని గ్లాసు వంకా నా గ్లాసు వంకా మార్చి మార్చి చూసేదాన్ని. మా వీధిలో దిష్టి తగలకుండా గుమ్మాలకు పటిక కట్టుకునేవారు. నేను ఆ పటికకే దిష్టి కొట్టేటట్టున్నానని నానమ్మ అనేది. ఎంత చూసినా పెరిగేది మాత్రం అక్కదే. దాని అంచులు గీత గీసినట్టు తిన్నగా వస్తున్నాయి. నాది ఉన్నచోటే ఉన్నట్టనిపించింది.

మేడ మీద నానమ్మ పాత చీర పరిచి వడియాలు పెట్టేది. పొద్దున పెట్టినవి సాయంత్రానికి గలగలమనేవి. నాకు తెలిసిన శాస్త్రం అదే. నీళ్ళు ఆవిరైతేనే కదా పటిక పెరిగేది, ఆవిరి చెయ్యడానికి ఎండను మించింది ఏముంది? నా గ్లాసును ఎవరూ చూడకుండా పట్టుకెళ్ళి వడియాల చీర పక్కన ఎండలో పెట్టాను. వరసగా కొన్ని రోజులు అలాగే చేశాను. చివరికి ఒక సాయంత్రం చల్లబడ్డాక చూద్దును గదా, గ్లాసు అడుగునా, అంచుల మీదా, పోగు పొడుగునా అన్నీ పలుకులే. నా పలుకు చుట్టూ ఎన్నెన్నో చిన్న పలుకులు ఎటుపడితే అటు అతుక్కుపోయి, అదొక గడ్డలా తయారైంది.

అత్తయ్య తిట్టలేదు. "సినిమా హాలు బుకింగు తెరిచినప్పుడు చూశావుగా. అందరూ ఒక్కసారే తోసుకొస్తే వరుస నిలుస్తుందా? ఇదీ అంతే. ఒక్కొక్కటీ వచ్చి తన చోటు చూసుకుని కూర్చోవడానికి టైమివ్వాలి" అంది. అక్క నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పోనీలేవే, నాది మనిద్దరిదీ అనుకుందాం" అంది. కుళ్ళుమోతులకు ఇలాంటి మంచితనం చూస్తే ఇంకా మండుతుంది. నేను అక్కడ ఉండలేక మేడెక్కి మూతి ముడుచుకుని కూర్చున్నాను.

కాసేపటికి అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. దూరంగా బందరు రోడ్డు మీద వీధిదీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. తను కట్టుకున్న మంగళగిరి చీర కొంగును ఒంటిపొరగా నా కళ్ళ ముందు బిగించి పట్టి, అందులోంచి ఒక దీపాన్ని చూడమంది. ఆ ఒక్క దీపం కాస్తా బోలెడు దీపాలైంది. మధ్యలో ఒకటి, దానికి నాలుగు వైపులా చుక్కల వరుసలు. కొంగు తిప్పితే చుక్కలూ తిరిగాయి. తరవాత వస్తూ వస్తూ తెచ్చిన నా గొడుగు విప్పి, దాని గుడ్డలోంచి చూడమంది. చుక్కలు ఇంకాస్త ఎడంగా జరిగాయి. నేత ఎంత దగ్గరగా ఉంటే చుక్కలు అంత దూరం జరుగుతాయట. ఒళ్ళు తుడుచుకునే తువ్వాలులోంచి చూస్తే చుక్కలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ముద్దలా కనిపించాయి.

"దారాలు కనబడుతున్నాయా నీకు?" అని అడిగింది.

లేదన్నాను. చుక్కలే కనబడుతున్నాయన్నాను.

"ఆ చుక్కలు చాలు. వాటిని బట్టి నేత ఎలా ఉందో చెప్పెయ్యొచ్చు. పటికలో అణువులు కూడా అలా నేసినట్టే ఉంటాయే. కాకపోతే అది మరీ సన్న నేత. ఈ దీపం వెలుగు దానికి చాలా మోటు. అందుకని ఎక్స్‌రే కావాలి. అది పటికలోంచి దూరి వచ్చి ఫిల్ము మీద ఇలాగే చుక్కలు పెడుతుంది."

ఇది అక్కకు చూపించావా అని అడిగాను. ఇంకా లేదంది. ఆ శాస్త్రం కంటే ఆ జవాబే నాకు తియ్యగా తగిలింది.

సెలవులైపోయే ముందు అత్తయ్య అక్క స్ఫటికాన్ని పైకి తీసి మెత్తటి గుడ్డతో తుడిచింది. రేగుపండంత ఉంది. ఎనిమిది ముఖాలు, ప్రతి ముఖమూ ముక్కోణమే. ఇంట్లో అందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. నేను మంచినీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి తప్పుకున్నాను. అత్తయ్య వెనక్కి పిలిచింది. నా గడ్డను వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి, దాని పక్కనుంచి జొన్నగింజంత పలుకును విడదీసింది. ఒక అట్టముక్క తీసుకుని అక్క స్ఫటికం ముఖాల వాలుకు సరిగ్గా ఆనేలా కత్తిరించింది. అదే అట్టముక్కను నా పలుకుకు ఆనించింది. వెలుతురు దూరేంత సందు కూడా లేదు. పెద్దదానికైనా చిన్నదానికైనా పటిక ముఖాల మధ్య వాలు ఒకటేనని చెప్పి, రెండింటినీ చిన్న గాజు గొట్టాల్లో దూది మధ్య పెట్టి, రెండూ తీసుకెళ్తానంది.

అందరికీ అది బాగానే ఉంది. నాకు మాత్రం అది జాలిలా కనిపించింది. గెలిచింది అక్క, నాకేమో బుజ్జగింపు. స్టేషనులో రైలు కదిలినప్పుడు అక్క చెయ్యి ఊపింది, నేను ఊపలేదు.

దసరా సెలవులకు అత్తయ్య మళ్ళీ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, మా ఇద్దరినీ కిటికీ దగ్గర కూర్చోబెట్టి రెండు ఫిల్ము ముక్కలు పక్కపక్కన పెట్టింది. వాటి మీది నల్లటి చుక్కలు గీతలతో కలపడం మరచిపోయిన ముగ్గులా ఉన్నాయి. ఫిల్మును పట్టుకుని మూడో వంతు తిప్పితే మళ్ళీ అవే చుక్కలు అవే చోట్ల కనిపించాయి. నానమ్మ వంగి చూసి, పటిక ఎముకలు ఇవేనా అని అడిగి, వాటికంటే తన ముగ్గే నయమని వెళ్ళిపోయింది.

"ఏది ఎవరిదో చెప్పండి చూద్దాం" అంది అత్తయ్య.

నేను ఆలోచించనే లేదు. కుడివైపుది చూపించి అది అక్కదన్నాను. చుక్కలు అందులోనే నీటుగా ఉన్నాయి, అక్కవన్నీ నీటుగానే ఉంటాయి. అదే సమయానికి అక్క ఎడమవైపుదాని మీద వేలు పెట్టి, "ఇది చెల్లిది. ఇదే బాగుంది" అంది.

అత్తయ్య ఒక ఫిల్మును రెండోదాని మీద పెట్టి కిటికీకి ఆనించింది. కాస్త జరిపేసరికి చుక్క మీద చుక్క కూర్చుంది. అక్కడ రెండు ఫిల్ములున్నాయని చెప్పినా ఎవరూ నమ్మరు. అక్క స్ఫటికం నుంచి కూడా జొన్నగింజంత ముక్కే తీశానని, రెండింటినీ ఒకే వాటంగా నిలబెట్టానని, ఎంత పెద్దదన్నది ఫిల్ము మీద పడదని, లోపలి వరుసకూ వరుసకూ మధ్య ఎడమెంతో అదే పడుతుందని చెప్పింది. మరి అసలు ఏది ఎవరిదని నేను పట్టుబట్టాను.

"నాకూ తెలీదే. కావాలనే గుర్తు పెట్టలేదు" అంది.

నేను అక్క మొహం చూశాను. అంత పెద్దది పెంచింది కదా, అది ఫిల్ములో కనబడనందుకు చిన్నబుచ్చుకుంటుందని, ఆ చిన్నబుచ్చుకోవడం కళ్ళారా చూద్దామని. అక్క కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కానీ అది ఫిల్ముల వంక చూడట్లేదు, నా వంక చూస్తోంది.

"నీకేమే. వచ్చినప్పుడల్లా అత్తయ్య నీ పక్కనే పడుకుంటుంది. ఆ రోజు మేడ మీద కొంగులోంచి దీపం కూడా నీకొక్కదానికే చూపించింది. నేను మెట్ల మీదే ఉన్నా."

నన్ను చూసి కూడా ఒకరు ఏడవగలరని అప్పటిదాకా నాకు తెలియదు. అక్క జడ, అక్క పాట, అక్క చేతిరాత లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాను గాని, అవతల అది నా మంచం పక్క చోటు చూసి అన్నం మానుకుంటోందని అనుకోలేదు. అత్తయ్య మొహం కూడా పాలిపోయింది. ఫిల్ములతో మాకేదో నేర్పుదామని వచ్చిన మనిషి, తను చేసిన పొరపాటు ఒకటి ఉందని అప్పుడే తెలుసుకున్నట్టుంది. ఆ సాయంత్రం మమ్మల్నిద్దరినీ మేడ మీదికి తీసుకెళ్ళింది. అక్క ఎంతసేపు చూసినా తొందర పెట్టకుండా కొంగు పట్టుకునే నిలబడింది. నేను నా వంతు అడగలేదు. ఆ రాత్రి నుంచి అత్తయ్య మా ఇద్దరి మధ్యా పడుకునేది.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళైంది. అక్క గుడివాడలో మనవల మధ్య ఉంటుంది, నేను పటమట వదల్లేదు. ఫిల్ముల్లో ఒకటి దాని దగ్గరుంది, ఒకటి నా దగ్గరుంది. ఫోను చేసినప్పుడల్లా నాది నీ దగ్గరే ఉండిపోయిందే అని అక్క దెప్పుతుంది. నేనూ అదే మాట అంటాను. ఇద్దరం మార్చుకుందామని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

అసూయ పోయిందని అబద్ధం చెప్పను. మొన్ననే ఎదురింటావిడ కొత్తగా కట్టించుకున్న మెట్ల మీద నిలబడి తన కోడల్ని మెచ్చుకుంటుంటే కడుపు భగ్గుమంది. అలాంటప్పుడు కళ్ళజోడు పెట్టెలోంచి ఆ ఫిల్మును తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంటాను. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అది నాదో అక్కదో ఇప్పటికీ తెలియదు.