వెల్లుల్లి కంపు

పెంటపాడు అనంతపద్మనాభంగారు పుట్టి బుద్ధెరిగి వెల్లుల్లి ముట్టలేదు. సవాయి అనే సుఖరోగం తగిలి, వారం వారం రైల్లో ఏలూరొచ్చి సూది వేయించుకుంటారు. ఉత్తరీయంతో బెంచీ దులపనిదే కూర్చోరు. ఆర్సెనిక్ అనే పాషాణపు మందు నరంలోకి ఎక్కుతుండగానే గొంతులోంచి వెల్లుల్లి కంపు లేస్తుంది. ఇక లవంగాలు నములుతూ, జిగట ఉమ్ము బేసిన్‌లో ఊస్తూ, దాన్ని చూసి తానే మొహం చిట్లించుకుంటారు. రోగాన్ని మాత్రం అలా అసహ్యించుకోగా ఎవరూ చూడలేదు.

ఒకనాడు డాక్టరు నిత్యానందం, "మీ ఇంట్లోవారికీ పుండ్లు లేచాయన్నారు. ఆవిణ్ణీ తీసుకురండి" అన్నాడు.

ఆయన లవంగం బుగ్గన పెట్టుకుని నవ్వారు. "మా ఆడవాళ్లని ఇక్కడికి తెచ్చి పరువు తీసుకోమంటారాండీ? మందు నా ఒళ్లంతా పాకుతుందని మీరే అన్నారు. నా రోగం అంటుకున్నదానికి నా మందు అంటుకోదా అండీ?"

"అంటుకోదండీ. మందు మీ కార్జంలో, మూత్రపిండాల్లో కొన్నాళ్లు నిలిచి, మలమూత్రాల్లో బయటికి పోతుంది. మీ నుంచి ఆవిడకి చేరేది రోగం ఒక్కటే."

పద్మనాభంగారు లవంగాన్ని రెండో బుగ్గకి మార్చారు. "అయితే ఇంకేవండీ! పొద్దున్నే నా మూత్రం కుండ ఎత్తిపోసేది ఆవిడేగా. ఆమాత్రం మందు చాలదంటారా?"

ఆయన అరచేతిలోకి ఊపిరి వదిలి వాసన చూసుకుని, "ఛీ, ఛీ! వెల్లుల్లి" అంటూ మొహం తిప్పుకున్నారు.