కోచ్ గారు వదులుకున్న ఫైనల్

కోచ్ గారు పోయారని కాకినాడ నుంచి ఉత్తరం వచ్చింది. అది మస్కట్ చేరేసరికి అక్కడ పదకొండో రోజు కూడా అయిపోయింది. రాసింది వాళ్ల తమ్ముడు. నాలుగే వాక్యాలు. గ్రౌండ్ నుంచి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదట. మీ ఆవిడ గారికి తప్పకుండా చెప్పండి అని చివర రాశాడు. మా ఆవిడ పోయి ఏడాదిన్నర. ఆ సంగతి వాళ్లకి నేను రాయలేదు.

పోయిన శుక్రవారం ఇక్కడి తెలుగువాళ్లు సంతాప సభ పెట్టారు. బల్ల మీద దండ వేసిన ఫోటో. ఆయనకి విడిగా ఫోటో లేదు. టీము ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. ఆయన భుజం మీద ఎవరిదో మోచెయ్యి మిగిలిపోయింది. అది మా కాలేజీ వైస్ ప్రిన్సిపాల్‌ది. సభకి అధ్యక్షుడు కూడా ఆయనే. "మూడేళ్లు, మూడు కప్పులు" అని నాలుగుసార్లు చెప్పాడు. నాలుగో ఏటి సంగతి ఒక్కసారీ చెప్పలేదు. చెబితే కోచ్ గారిని ఇంటికి పంపిందెవరో కూడా చెప్పాలి. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు. తర్వాత సమోసాలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.

ఆ సభలో లేచి నాలుగు మాటలు చెప్పాల్సింది. చెప్పలేదు. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడికి రాకముందు ఆయన కాకినాడలో ఒక కాలేజీలో ఆటల మాస్టారు. ఫుట్‌బాల్ అంటే పనిలేనివాళ్ల వ్యాపకం అనుకునే కాలేజీ అది. పోర్టు కూలీల కొడుకుల్నీ బియ్యం వర్తకుల కొడుకుల్నీ ఒకే పంక్తిలో నిలబెట్టి పరుగెత్తించారు. పన్నెండేళ్లు అలా గెలిపించారు. గెలిచిన కప్పుల్ని ప్రిన్సిపాల్ తన గదిలో పెట్టి తాళం వేసుకునేవాడట. "మంచిదే, దుమ్ము ఆయనే తుడుచుకుంటాడు" అనేవారు కోచ్ గారు. ఈ డెబ్బైల మొదట్లో ఆయన పాత శిష్యుడొకడు ఇక్కడ ఇంజనీరుగా ఉండి, కొత్తగా తెరిచిన మా టెక్నికల్ కాలేజీకి ఆయన పేరు చెప్పాడు. ఆయన ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక విజిల్‌తో దిగారు.

నేను ఆ కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. మా ఆవిడ పక్కనే క్లినిక్‌లో నర్సు. ఆటంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఇరవైరెండు మంది మగాళ్లు ఒక తోలు బంతి కోసం ఎండలో పడి చావడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. అజైబా దగ్గర మా గ్రౌండ్‌లో గడ్డి పరక లేదు. గులకరాళ్లు, సముద్రం గాలి. ఆటకి ముందు గీతల కోసం సున్నం పోస్తే సగం గాలికి పోయేది.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. టీములో ఎవరున్నారో కాగితం మీద రాసి అంటించేవారు కాదు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం తనే గ్రౌండ్‌లోకి వెళ్లి, ఎవరు ఎక్కడ ఆడాలో అక్కడ వాళ్ల చొక్కా పరిచి, గాలికి ఎగరకుండా రాయి పెట్టేవారు. పదకొండు చొక్కాలు. కుర్రాళ్లు వచ్చి తమ నంబరు వెతుక్కునేవారు. చొక్కా లేనివాడు వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. ఎందుకు లేదని అడగకూడదు. ఆయన చెప్పరు.

పొగడ్తలంటే ఆయనకి అసహ్యం. "ఫోటోలో ముందు నిలబడేవాడు ఆటలో వెనక నిలబడతాడు" అనేవారు. మా వైస్ ప్రిన్సిపాల్ ప్రతి ఫోటోలోనూ ముందు నిలబడేవాడు. మొదటి కప్పు గెలిచి తిరిగి వస్తుంటే ఖబూరా దగ్గర బస్సు రేడియేటరు పొగలు కక్కింది. ఖర్జూరం తోటలో నీళ్ల కాలవ ఉంది. ముంచడానికి ఏమీ లేదు. కోచ్ గారు కప్పు తీసుకుని వెళ్లారు.

"మాస్టారూ, అది సుల్తాను గారి మర్యాదండీ! అందులో నీళ్లేంటండీ?" అని వైస్ ప్రిన్సిపాల్ వెనకాల పరుగెత్తాడు.

"ఇన్నాళ్లకి దీనికో పని దొరికింది, పక్కకి తప్పుకోండి" అన్నారు ఆయన. ఆరు కప్పుల నీళ్లు పట్టింది రేడియేటరు.

నాలుగో ఏడు కూడా ఫైనల్‌కి చేరాం. టీముకి ప్రాణం తొమ్మిదో నంబరు. సహం అనే ఊళ్లో చేపలు పట్టే బలూచీ కుటుంబం వాడిది. ఇరవై ఏళ్లు. మొదటి సగంలో గాలిలా ఉండేవాడు. రెండో సగంలో నడిచేవాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. కోచ్ గారు రెండు నెలలు వాణ్ణి వదల్లేదు. "అదిగో దూల్హా, ఊరేగుతున్నాడు! గుర్రం తెప్పించమంటావా?" అని గ్రౌండంతా వినబడేలా హిందీలో అరిచేవారు. పెళ్లికొడుకన్న మాటకి మిగతావాళ్లు నవ్వేవారు. నేను కూడా చూసి నవ్వాను.

ఫైనల్‌కి మూడు రోజుల ముందు వాడు మోకాలి దెబ్బకి కట్టు కట్టించుకోడానికి క్లినిక్‌కి వెళ్లాడు. కట్టు కడుతూ మా ఆవిడ వాడి పాదాల వాపు చూసింది. రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేనని వాడు చెప్పాడు. ఆమె స్టెతస్కోపు పెట్టి వింది. డాక్టరు సెలవు మీద ఇండియాలో ఉన్నాడు.

ఇంటికి వచ్చి నాకు చెప్పింది. "ఆ పిల్లాడి గుండెలో చప్పుడు ఉందండి. కవాటం సరిగా తెరుచుకోవట్లేదు. పరుగెత్తితే పడిపోతాడు."

"డాక్టరు వచ్చాక చూసుకుంటాడు. నీకెందుకు?" అన్నాను.

"అప్పటికి ఫైనల్ అయిపోతుంది."

"నువ్వు నర్సువి. నా కాంట్రాక్టు కాగితం వైస్ ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. అది గుర్తుంచుకో."

ఆమె మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాంలోనే గ్రౌండ్‌కి బయల్దేరింది. ఆపుదామని నేను వెనక వెళ్లాను.

"ఏంటమ్మా సిస్టరూ, ఇంత ఎండలో వచ్చావు? మా వాళ్లెవరికీ పురుళ్లు లేవే" అన్నారు కోచ్ గారు.

"మాస్టారూ, మీ తొమ్మిదో నంబరు సెకండాఫ్‌లో ఎందుకు నడుస్తాడో తెలుసా?"

"బద్ధకం."

"కాదండి. గుండె జబ్బు."

ఆయన విజిల్ నోట్లోంచి తీశారు. "డాక్టరు చెప్పాడా?"

"డాక్టరు లేరండి. నేను చెప్తున్నాను. గుంటూరులో ఏడేళ్లు గుండె వార్డులో చేశాను. ఆ చప్పుడు నాకు తెలుసు."

అప్పుడు నన్ను చూశారు. "నువ్వెందుకొచ్చావయ్యా? మీ ఆవిణ్ణి ఇంటికి తోలుకెళ్లడానికా? అలా కూర్చో. ఎండ తగ్గాక వెళ్దువు గాని." కూర్చున్నాను.

"నాకు వినిపించమ్మా. ముందు గోలీది వినిపించు. బాగున్నవాడిది ఎలా ఉంటుందో తెలియాలిగా" అన్నారు. గోల్‌కీపర్ గుండె విన్నారు. తర్వాత తొమ్మిదో నంబరుది విన్నారు. మళ్లీ గోల్‌కీపర్‌ది. మళ్లీ వీడిది. చాలాసేపు విన్నారు. స్టెతస్కోపు తీసి ఆమె చేతిలో పెట్టారు. వాడి తల మీద చెయ్యి వేసి, రెండు నెలలుగా దూల్హా అని అరిచినందుకు హిందీలో క్షమాపణ చెప్పారు. అందరి ముందూ చెప్పారు. అరిచింది అందరి ముందేగా.

ఫైనల్ నాటి మధ్యాహ్నం చొక్కాలు పరిచారు. తొమ్మిదో నంబరు చోట పద్నాలుగు ఉంది. తొమ్మిదో నంబరు వచ్చి, తన చొక్కా లేకపోయినా, తన చోటే నిలబడ్డాడు. కదల్లేదు. కళ్లలో నీళ్లు. సహం నుంచి వాళ్ల నాన్నతో పాటు పేటంతా వచ్చి కూర్చున్నారు. కోచ్ గారు దగ్గరికి వెళ్లి, ఎవరికీ ఎప్పుడూ చెప్పని కారణం వాడికి చెప్పారు. భుజం పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకున్నారు.

వైస్ ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. "ఏం మాస్టారూ, నర్సు మాట పట్టుకుని కప్పు పారేస్తారా? ఓ గంటన్నర ఆడితే చచ్చిపోతాడేంటండీ?"

"చచ్చిపోతాడు. స్టెతస్కోపు తెప్పిస్తాను, మీరూ వింటారా?"

"డైరెక్టరు గారికి నేనేం చెప్పాలి?"

"కోచ్‌కి మతి పోయిందని చెప్పండి. రోజూ చెప్పేదేగా."

ఓడిపోయాం. పద్నాలుగో నంబరు ఖాళీ గోల్ ముందు బంతిని ఆకాశంలోకి కొట్టాడు. మన తెలుగువాళ్లు కొందరు కోచ్ గారిని బూతులు తిట్టారు. మా ఆవిడకి వినబడేలా "మంత్రసాని కోచింగు" అన్నాడొకడు. అతను మొన్న సభలో రెండో వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆమెని అన్నప్పుడు నేను ఏం చేశానని మీరు అడగొచ్చు. గొడుగు మడుచుకుంటూ ఉండిపోయాను.

రెండు వారాలకి డాక్టరు వచ్చాడు. విన్నాడు. ఆమె చెప్పిందే చెప్పాడు. ఆడి ఉంటే అక్కడే పోయేవాడన్నాడు. ఆ మాట విని ఎవరూ ఆమె దగ్గరికి వచ్చి తప్పయిందనలేదు. తొమ్మిదో నంబరుని బొంబాయి పంపి ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు సహంలో చిన్న దుకాణం నడుపుతున్నాడు. పెళ్లయింది. మొన్న సభకి వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడితే, ఎవరు కావాలని అడిగారు.

అంతకంటే ముందే, డాక్టరు వచ్చిన వారంలోనే, కోచ్ గారి కాంట్రాక్టు పొడిగించడం లేదని ఉత్తరం తయారైంది. సంతకం డైరెక్టరుది. మాటలు వైస్ ప్రిన్సిపాల్‌వి. టైపు చేసింది నేను. ఒక్క తప్పు లేకుండా చేశాను. నా కాంట్రాక్టు పొడిగించారు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. మూడు కప్పులున్న గాజు బీరువా నా బల్ల వెనకే ఉంది.

ఆయన కాకినాడ వెళ్లి మళ్లీ పాత గ్రౌండ్‌లోనే విజిల్ ఊదారు. ఏటా క్రిస్మస్‌కి మా ఆవిడకి కార్డు వచ్చేది. "పిల్లాడు నడుస్తున్నాడా?" అని ఒక్క ముక్క ఉండేది. ఆమె వెంటనే జవాబు రాసేది. కార్డు మీద నా పేరు ఉండేది కాదు. ఉండాల్సిన పని లేదు. నా భార్య మాటని ఆమె మాటగా విన్న మనిషి ఈ దేశంలో ఆయన ఒక్కడే. అందుకు నేను ఆయనకి రుణపడి ఉన్నాను. అందుకే ఆయన కళ్లలోకి నేను సూటిగా చూడలేకపోయాను.

ఆయన వెళ్లిన రోజు కాలేజీ జీపు ఖాళీ లేదని వైస్ ప్రిన్సిపాల్ చెప్పాడు. జీపు షెడ్డులోనే ఉంది. సహం నుంచి తొమ్మిదో నంబరు తండ్రి, కొడుకుని కూడా ఎక్కించుకుని, తన పికప్ తెచ్చాడు. చేపలు వేసే బండి. మా ఆవిడ సెలవు పెట్టి వెళ్లింది. నేను పెట్టలేదు. ఆఫీసు కిటికీలోంచి చూశాను. గేటు ముందు బండి ఆగింది. కోచ్ గారు వెనక రేకు పెట్టె మీద కూర్చుని, పరుపు చుట్ట కట్టడం రాదా అని తండ్రిని హిందీలో తిడుతున్నారు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని తొమ్మిదో నంబరు మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. రెండో చేతి వేలు పైకెత్తింది. ఆయన నోరు మూసుకున్నారు. ఇన్నేళ్లు గ్రౌండ్లలో అరిచిన మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆమె వాచీ ముల్లు వైపు చూస్తూ ఉండిపోయారు. తండ్రి ఇంజను ఆపేశాడు. కిటికీ ఇవతల నేను టైపు చెయ్యడం ఆపాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఇంకా లెక్కపెడుతోంది.