ఎద తప్పిన మేక

నా చిన్నప్పుడు మా అవ్వకు కళ్లు నేనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మైదుకూరు అవతల మా పల్లెకు వరుసగా వానలు తప్పిన రోజులవి. శుక్లాలు ముదిరి అవ్వకు మనుషులు నీడల్లా ఆనేవారు. అయినా తన పది మేకల్నీ, ఒక మేకపోతునూ వదల్లేదు.

మండు వేసవిలో పుట్టిన పిల్లలు బతకవని అవ్వ పోతు కడుపు కింద గోనెపట్ట కట్టి ఉంచేది. మందలో తిరిగినా అది మేకల్ని దాటలేకపోయేది. ఈనే కాలం లెక్క చూసుకుని, మేక ఎదకు వచ్చిన రోజున మాత్రమే పట్ట విప్పేది. ఎద గుర్తుపట్టడానికి ఆమెకొక ఉపాయం ఉంది. పాత గుడ్డను పోతు కొమ్ముల వెనక బాగా రుద్ది, ఒక్కో మేక ముక్కు దగ్గర పెట్టాలి. ఎదలో ఉన్న మేక ఆ గుడ్డను వదలదు, తోక టపటపా ఆడిస్తుంది. చూపు తగ్గాక ఆ పని నాకు అప్పగించింది.

పోతు కంపు సబ్బుకు కూడా పోదు. బడిలో నేను కనిపిస్తే చాలు, "రేయ్, పోతొచ్చెరా, జరగండి!" అని నవ్వేవాళ్లు. దాంతో గుడ్డ ముట్టడం మానేశాను. కొట్టంలో కాసేపు నిలబడి వచ్చి, "ఈ పొద్దు గూడా రాలేదవ్వా" అనేవాణ్ణి.

అప్పటికి మా మేకలన్నీ చూలు కట్టాయి. మిగిలింది మా మందలో వదిలిన పక్కింటి అక్క మేక ఒక్కటే. పిల్లలు పుట్టలేదని అక్కను అత్తవారు పుట్టింటికి పంపేశారు. ఆమెకంటూ ఉన్నది ఆ మేక. పోయిన ఏడాది అది ఈసుకుపోయి, నెలలు నిండకుండానే పిల్ల పోయింది. ఈసారి చూలే కట్టకపోతే కోతకు అమ్మేస్తానని వాళ్ల నాయన తేల్చి చెప్పాడు. అక్క రోజూ ఒడిలో తుమ్మకాయలు తెచ్చి పెట్టి, "ఏమప్పా, తోక ఆడిచ్చిందా?" అని అడిగేది.

ఒక పొద్దున ఆ మేక మేత ముట్టకుండా ఒకటే అరుస్తోంది. గుడ్డ అవసరం లేకుండానే తోక ఆడిపోతోంది. నాకు తెలిసిపోయింది. కానీ ఆ రోజు బడిలో ఫోటో తీస్తారు. చెబితే పోతును పట్టుకోవాల్సింది నేనే.

"ఏందిరా ఆ అరుపు?" అంది అవ్వ లోపలి నుంచి.

"కుక్కను చూసి బెదిరినాదవ్వా" అని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లిపోయాను.

ఎద ఒకటి రెండు రోజులే ఉంటుంది. మళ్లీ మూడు వారాలకు గానీ రాదు. అక్క నాయన అన్నాళ్లు ఆగలేదు. బేరగాడు మేకను లాక్కుపోతుంటే అక్క నా వైపు చూసి నవ్వబోయి, "పోనీలేప్పా, అది గూడా నా మాదిరే" అంది.

ఆ సాయంత్రం అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కొట్టలేదు, తిట్టలేదు. "మేకలో తప్పు లేదని పోయి ఆయమ్మకు చెప్పు నాయనా" అంది.

వెళ్లాను. అక్క పలుపుతాడు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, ఆ మాట చెప్పకుండానే తిరిగొచ్చి, "చెప్పినా" అన్నాను. అవ్వ నా చేతులు మళ్లీ పట్టుకోలేదు.

కొన్నేళ్లకు అక్క జబ్బుచేసి పోయింది. నా నోట ఆ మాట వినకుండానే పోయింది.

ఇప్పుడు నాకూ మంద ఉంది. కట్టని మేకను అమ్మే ముందు మూడు ఎదలు నేనే దగ్గరుండి చూస్తాను. మేకనైనా, ఆడమనిషినైనా ఎవరైనా గొడ్డుది అంటే, చూడకుండానే చూశానని చెప్పినవాడు ఎవడో మధ్యలో ఉండే ఉంటాడని నా మనసు అంటుంది.