ఉప్పు బస్తాల కింద ఇప్పపువ్వు

మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ వానాకాలం సంగతి నేను వదిలిపెట్టను.

కోంటాలో మాది ముందు దుకాణం, వెనక ఇల్లు. ఎండాకాలంలో అడవి ఊళ్లవాళ్లు ఎండిన ఇప్పపువ్వు గంపల్లో తెచ్చి పోసి, బదులుగా ఉప్పు పట్టుకుపోయేవారు. పువ్వు బస్తాలూ ఉప్పు బస్తాలూ వెనక గదిలో ఉండేవి. మా పడకా అక్కడే.

ఆ ఏడు అత్తగారు ఉప్పు బస్తాలను ఎత్తించి పువ్వు బస్తాల మీద పెట్టించింది. ఉప్పుకు నేల చెమ్మ తగలదు, పువ్వులో ఎలుకలు దూరవు అని ఆవిడ ఆలోచన. వానల్లో ఉప్పు నీరు కారి కింద పువ్వంతా తడుస్తుందని అన్నాను. నాకప్పుడు ఏడో నెల.

"మీ నాయన బడిపంతులు గదా. పువ్వు బేరం ఎన్నేండ్లు చేసిండేంది?" అంది, ముగ్గురు హమాలీలు వింటుండగా. ముగ్గురూ నవ్వారు.

వానలకు దారి తెగి, పుట్టింటికి పోలేక కానుపు అక్కడే అయింది. పిల్ల పుట్టిన పదో రోజుకు వాసన మొదలైంది. ముందు బెల్లం పాకంలా తియ్యగా, తర్వాత పుల్లగా, ఆ తర్వాత కల్లుకుండలా. అడుగు బస్తాలు నల్లబడి జిగురు కారాయి. చెయ్యి దూరిస్తే లోపల వేడి. పారేయించమని మా ఆయనతో చెబితే, "అమ్మ చూసుకుంటది" అన్నాడు.

"వాన ఎలిసినంక ఎండబోస్తం. గంత మాల్ ఎవరన్న పారేస్తరా?" అంది అత్తగారు.

ఈలోగా దారి బాగయింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలో వేయడానికి వస్తున్నానని, నెల రోజులుంటానని మా అమ్మ ఉత్తరం రాసింది. ఆ నెల కోసమే నేను ప్రాణం బిగబట్టుకుని ఉన్నాను. కంపు పీల్చుకుంటాయని గంపల్లో బొగ్గులు పోసి మూలమూలా పెట్టాను. పేడతో అలికాను. వేపాకు పొగ వేస్తే పిల్లకు దగ్గొచ్చింది. కిటికీ తీస్తే జల్లు కొట్టింది. సాంబ్రాణి వేస్తే రెండు వాసనలూ కలిసి ఇంకా వెగటు పుట్టించాయి. ఆరని పిల్ల గుడ్డలకూ అదే కంపు.

అమ్మ వచ్చి గడపలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏందే ఇది? ఇంట్ల సారా గిట్ల కాస్తున్నరా?"

"బేరం చేసే ఇల్లు ఇట్లనే ఉంటది వదినా. సుద్దముక్కల వాసన కావాలంటే మీ ఇంట్లనే ఉండాల్సింది" అని వంటింట్లోంచి అత్తగారు.

అమ్మ తొట్టె వేడుక కానిచ్చింది. పిల్ల తల వాసన చూసి దించేసింది. అన్నం ముట్టలేదు.

"ఈ కంపుల ఎట్లుండాలె బిడ్డా? నాతోని కాదు."

"ఒక్క రాత్రన్నా ఉండమ్మా."

బాలింతకని చేసి తెచ్చిన కాయం డబ్బా నా చేతిలో పెట్టి, పొద్దున పరగడుపున ఎంత తినాలో వేలితో చూపించి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. నేను పసిదానితో రోజూ పడుకునే చోట ఆమె ఒక్క రాత్రి పడుకోలేకపోయింది. అత్తగారితో పాటు ఆమెనూ నేను మరవలేదు.

వానలు వెనకబట్టాక పువ్వు ఎండబోశారు. పురుగు తప్ప ఏమీ మిగల్లేదు. పెంటకుప్ప మీద పోశారు. మట్టినేల ఆ రసాన్ని పీల్చుకుంది, ఎన్నిసార్లు అలికినా పోలేదు. మరుసటి ఎండాకాలం కొత్త పువ్వు అదే గదిలోకి వచ్చింది. అమ్మ మళ్లీ రాలేదు. రమ్మని నేనూ రాయలేదు.