రెండు దెబ్బలు కొట్టేదాకా

మా మామగారికి చెవులు వినబడవు. ఆయనకు కావలసినవి మాత్రం వినబడతాయని మా అత్తగారి అనుమానం. టీ అంటే పక్క వీధిలో ఉన్నా వినబడుతుందట, బియ్యం డబ్బా దింపమంటే గోడకు చెప్పుకున్నట్టేనట. ముప్పై రెండేళ్లు బస్సు డిపోలో ఇంజన్ల మోత మధ్య నిలబడ్డ చెవులు అవి. రిటైరయ్యేనాటికి సగం పోయాయి, మిగతా సగం ఈ ఐదేళ్లలో పోయాయి. చెవికి మెషిన్ కొనిచ్చాం. అందులో గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట రావడం లేదని బీరువాలో పెట్టేశారు.

చెవులతో ఆగినా బాగుండేది. రెండేళ్ల కిందట కుడిచేతికి వణుకు మొదలైంది. ఆ చేత్తోనే వంటింటి కుళాయి బిగించబోయి మర విరగ్గొట్టారు. ఇల్లంతా నీళ్లు. ఆ తరువాత ఫ్యాను విప్పి మళ్లీ బిగిస్తే రెక్క ఊడి గోడకు కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ మా ఆయన ఆ రోజే తేల్చేశాడు, ఇక నాన్న పనిముట్లు ముట్టుకోకూడదని. పనిముట్ల పెట్టె మంచం కిందకు పోయింది. ఆకుపచ్చ రంగు ఇనప్పెట్టె అది, మూత మీద డిపో నంబరు. ఎవరైనా మెకానిక్కుకు ఇచ్చేస్తానని మా ఆయన రెండుసార్లు అన్నాడు. మామగారు విన్నారో లేదో తెలియదు. కానీ వారం వారం ఆ పెట్టె బయటికి లాగి, స్పానర్లన్నీ నూనెగుడ్డతో తుడిచి, వరసగా పేర్చి మళ్లీ లోపలికి తోసేవారు.

నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఇంటికి ఇరవై రెండు కిలోమీటర్లు, మోటార్‌సైకిల్ మీద వెళ్తాను. ఇంజన్ వేడెక్కకుండా రేడియేటర్, అందులో కూలెంట్ అనే ద్రవం ఉన్న బండి. ఆ కూలెంట్ మార్చే గడువు వచ్చింది. సర్వీసువాళ్లు బండి రెండు రోజులు వదిలెయ్యమన్నారు. రెండు బస్సులు మారి వెళ్లాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు బండి పుస్తకం తెచ్చి, మడతపెట్టిన పేజీ నా ముందు పెట్టారు. ఆదివారం పొద్దున్న ఇంజన్ చల్లగా ఉండగా తనే మారుస్తానన్నారు.

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. నాకసలే ముక్కు మీద కోపం. బండి నాది, ఎవరితో చేయించుకోవాలో నాకు తెలుసు అన్నాను. సరే, కానీ ఇది కూడా చెడితే పెట్టె ఇంట్లోంచి పోతుంది, ఆపైన నన్నెవరూ అనకండి అన్నాడు. మామగారు ఆ మాట కొడుకు పెదవుల మీద చదువుకుని తల ఊపారు.

ఆదివారం ఆరింటికే ఆయన తయారు. ఖాకీ చొక్కా, ముందు పరిచిన గోనెపట్టా, పక్కన వెడల్పు బేసిన్. బండి పక్క పలక విప్పి, కూలెంట్‌ను ఇంజన్‌లో తిప్పే పంపు కింద ఉన్న బోల్టు వదులు చేశారు. పాత కూలెంట్ బురద రంగులో బేసిన్‌లోకి దిగింది. అది తియ్యగా ఉంటుందట, పిల్లి నాకితే చచ్చిపోతుందట. చుక్క మిగలకుండా పాత డబ్బాలో పోసి మూత బిగించాకే రెండో పని మొదలుపెట్టారు. చెయ్యి వణుకుతూనే ఉంది. బోల్టు మొదటి చుట్టు పట్టించడానికి నాలుగుసార్లు ప్రయత్నించారు. సాయం చేద్దామని ముందుకు వంగితే మోచేత్తో నన్ను పక్కకు నెట్టారు. అయిదోసారికి మర పట్టింది.

కొత్త కూలెంట్ సన్నటి ధారగా పోశాక నన్ను హ్యాండిల్ దగ్గర నిలబెట్టి పాఠం చెప్పారు. లోపల గాలి చిక్కుకుంటుంది, పైకి నిండినట్టే కనబడుతుంది గానీ లోపల ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే ఆ గాలి బుడగలుగా పైకి వస్తుంది. వచ్చినకొద్దీ పొయ్యాలి, బుడగలు ఆగాకే మూత పెట్టాలి.

"నేను పెట్రోలు ట్యాంకు మీద ఒక దెబ్బ కొడితే స్టార్ట్ చెయ్యి. రెండు దెబ్బలు కొట్టేదాకా ఆపకు. ఎవరు పిలిచినా సరే, ఆపకు."

ఇది డిపో పద్ధతి. ఒకరు మూత దగ్గర, ఒకరు స్టీరింగ్ దగ్గర. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి దెబ్బలే మాటలు. ఆ నియమం పెట్టింది ఈయనే. అంతకు ముందు ఎవడో చెప్పకుండా స్టార్ట్ చేస్తే ఈయన ఎడమచేతి ఉంగరపు వేలు సగం ఇంజన్ ఫ్యాన్‌లో పోయింది. అప్పటి నుంచి డిపోలో ఆయన పేరు రెండు దెబ్బల మేస్త్రి.

ఒక దెబ్బ పడింది, స్టార్ట్ చేశాను. ఆయన ఒక చెయ్యి ట్యాంకు మీద ఆనించి, మూత తీసిన రంధ్రంలోకి వంగి చూస్తున్నారు. ఐదు నిమిషాలయిందో లేదో, జేబులో ఫోను మోగింది. మా సూపర్‌వైజరు. ఇంజన్ చప్పుడులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్క నిమిషమే కదా అని స్విచ్ నొక్కి, ఇంజన్ ఆపి, గేటు దాకా వెళ్లి మాట్లాడి వచ్చాను. వచ్చి మళ్లీ హ్యాండిల్ పట్టుకునేసరికి మామగారు మూత బిగించి, ట్యాంకు మీద రెండు దెబ్బలు కొట్టి నావైపు చూసి నవ్వుతున్నారు. బుడగలు ఆగిపోయాయి, గాలంతా పోయిందన్నారు. పోనీలే, ఐదు నిమిషాలు నడిచిందిగా అనుకున్నాను. అంత ఆనందంగా ఉన్న మనిషికి ఏం చెప్తాం?

సోమవారం సగం దారి దాటగానే ఎర్ర దీపం వెలిగింది. వెంటనే ఆపాను. ముందు చక్రం వెనక నుంచి బుస్సుమని ఆవిరి. రోడ్డు పక్కన నిలబడి మా ఆయనకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. మీ నాన్న చేతికి బండి ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ అన్నాను. అవును, అన్నాను ఆ మాట. బస్సెక్కి గంట ఆలస్యంగా డ్యూటీకి చేరాను.

రెండో పేషెంటును నిలబెట్టి రోజూ చెప్పేదే చెప్పాను. ఊపిరి బిగబట్టండి. ఫొటో తీశాను. ఇక వదలండి. అంటుండగానే నిన్నటి పని గుర్తొచ్చింది. బుడగలు గాలి పోయి ఆగలేదు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే బుడగలు ఆగవూ? నేను వదలమనకముందే పేషెంటు ఊపిరి వదిలేసినట్టు, ఆయన రెండు దెబ్బలు కొట్టకముందే ఇంజన్ ఆపి నేను ఫోను మాట్లాడుకోవడానికి పోయాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన ట్రాలీలో తెప్పించిన బండి వాకిట్లో ఉంది, బయటికి పంపడానికి తీసిన ఆకుపచ్చ పెట్టె తలుపు పక్కన ఉంది. మామగారు నన్ను చూసి లేచి, పొరపాటు తనదేనన్నారు. బుడగలు ఆగడం కళ్లతో చూశానమ్మా, ఎలా పొరబడ్డానో అని గదిలోకి వెళ్లిపోయారు. నేను? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. సిగ్గు లేకపోతే సరి!

మర్నాడు పొద్దున్నే మా ఆయన పెట్టె ఎత్తుకున్నాడు. బరువుకి ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. ఇక గదిలో గ్రీజు వాసన వదులుతుందిలే అంటూ అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. మామగారు కుర్చీలోంచి లేవలేదు. ఒళ్లో నూనెగుడ్డ ఉంది, దాన్ని మడతపెడుతున్నారు, విప్పుతున్నారు.

నేను గేటుకు అడ్డం నిలబడి జరిగింది చెప్పాను. మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నాకు చెప్తే ఏం లాభం? ఆయనకి చెప్పు."

తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. వినబడని మనిషి దగ్గర ఒప్పుకోవడం ఉంది చూశారూ, అది మూడింతలు కష్టం, మూడుసార్లు అరవాలి. మొదటిసారి అరిస్తే మామగారు "ఆఁ?" అన్నారు. రెండోసారికి ఎదురింటివాళ్లు బాల్కనీలోకి వచ్చారు. మూడోసారి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా నోరు కనబడేలా, వీధి వీధంతా వినేలా చెప్పాను.

"మామయ్యా, మీ తప్పు కాదు. మీరు దెబ్బలు కొట్టకముందే ఇంజన్ ఆపేశాను. నేనే ఆపేశాను."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చినా బాగుండేది. కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో అన్నట్టు దానివైపు చూసుకున్నారు.

"చెయ్యి ట్యాంకు మీదే ఉందమ్మా. బండి ఆగితే చేతికి తెలియాలి. ఇదేమో ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. బండి వణుకేదో, నా వణుకేదో తెలియలేదు."

ఆ వణుకు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ మేమంతా అన్నాం, ఆయన అనలేదు. మా ఆయన పెట్టె కింద పెట్టాడు. దాన్ని మామగారి కుర్చీ దగ్గరికి జరిపి, ఆఫీసుకు వెళ్లిపోయాడు.

నేను సగం రోజు సెలవు పెట్టాను. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంది. మళ్లీ గోనెపట్టా, మళ్లీ ఖాకీ చొక్కా. ఈసారి ఒక మార్పు నేను చేశాను. ఒక చెయ్యి స్విచ్ దగ్గర, రెండోది ఆయన భుజం మీద. నా చెయ్యి ఉన్నంతసేపూ ఇంజన్ నడుస్తున్నట్టు, తీస్తే ఆగినట్టు. ఆయన తల ఊపి ఒక దెబ్బ కొట్టారు.

బుడగలు వస్తూనే ఉన్నాయి. పెద్దది ఒకటి గుడగుడమని వచ్చి కూలెంట్ ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. ఆయన పోశారు. మళ్లీ దిగింది, మళ్లీ పోశారు. రేడియేటర్ ఫ్యాను తిరిగింది. జేబులో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. చెయ్యి తియ్యలేదు. నా భుజం పీకుతున్నా తియ్యలేదు. చివరికి పైన కూలెంట్ కదలకుండా నిలబడింది. ఆయన మూత బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. తరువాత తన భుజం మీదున్న నా చేతి మీద రెండు దెబ్బలు కొట్టారు.

అప్పుడు ఆపాను.