పైకొచ్చిన చేపలు

నాన్న సముద్రం మనిషి. మోకాళ్ళు మొరాయించి పడవ దిగాక, మా దీవిలోని బాంబూఫ్లాట్‌లో మా ఇంటి వెనక పల్లంలో చిన్న గుంట తవ్వించి, వాగు నీళ్ళు పెట్టి, శీలావతి, బొచ్చె చేపపిల్లల్ని వదిలాడు. ఉప్పులేని నీళ్ళలో చేపకి రుచేముంటుందని మొదట్లో తనే వెక్కిరించేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి వాటితో మాట్లాడటం మొదలుపెట్టాడు.

నా ఉద్యోగం నీళ్ళు పరీక్షించడం. మొదటి ఫెర్రీలో చాతం రేవుకు దాటి ఆఫీసుకు పోయి, రైతులు సీసాల్లో తెచ్చిన చెరువు నీళ్ళ మంచిచెడ్డలు చెబుతాను. మా గుంట నీళ్ళు మాత్రం ఒక్కనాడూ చూడలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆ సంగతిలో నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ రోజుల్లో నాన్న సాయంత్రం టీ తాగుతూ మురిసిపోయేవాడు. తెల్లవారగానే తను గట్టెక్కితే చాలు, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయట. పోయిన జన్మలో తన బిడ్డలై ఉంటాయట. సముద్రంలో చేప పైకి లేచిందంటే గంగమ్మ దయ, ఇక వల విసరడమే తరువాయి. గుంటలోనూ అంతేననుకుని, మురిపెంకొద్దీ దోసిళ్ళతో తవుడు పోసేవాడు. మర్నాడు ఇంకా ఎక్కువ చేపలు వచ్చేవి, ఆయన ఇంకా ఎక్కువ పోసేవాడు.

మబ్బు పట్టిన ఒక ఆదివారం ఉదయం నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. చేపలు పైన తేలుతూ గాలి మింగుతున్నాయి.

"సూసినావా అమ్మీ, నన్నెలా పిలస్తన్నాయో. బస్, ఇంకేం కావాల, ఈయే నా పిల్లలు," అన్నాడు.

నేను వంగి నీళ్ళలోకి చూశాను. తినగా మిగిలిన తవుడు అడుగున కుళ్ళుతోంది. ఆ కుళ్ళు సత్తువతో పాచి పెరుగుతోంది. రాత్రంతా రెండూ కలిసి నీళ్ళలోని ఆక్సిజన్ తాగేస్తే, తెల్లారేసరికి చేపలకు మిగిలేదేముంది? రైతులకైతే ఇది తడుముకోకుండా చెబుతాను. నాన్నకు చెప్పేముందు ఆయన చేతిలోని తవుడు గిన్నె వైపు చూశాను.

"అవి నిన్ను పిలవట్లేదు నాన్నా. ఊపిరాడక పైకొస్తన్నాయి. మనం ఏసే తవుడు మూలానే," అన్నాను చివరికి.

ఆయన గిన్నె కింద పెట్టాడు. ఇంట్లోకి వెళ్ళి పాత పడవ తెడ్డు తెచ్చి, ఆ మోకాళ్ళతోనే నడుంలోతు దిగి, నీళ్ళలో గాలి కలిసేలా తెడ్డుతో బాదడం మొదలుపెట్టాడు. నేను కాలువకున్న అడ్డు తీసి వాగు నీళ్ళు వదిలాను. ఎండ వచ్చేదాకా ఆగలేదు. రెండు బొచ్చెలు చచ్చిపోయాయి. కూరకి ఇవ్వకుండా వాటిని కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చాడు.

ఇప్పుడు తవుడు ఎండెక్కాకే, అదీ నేను కొలిచి ఇచ్చినంతే. నీళ్ళు తేటపడ్డాయి. అయినా తెల్లవారగానే నాన్న గట్టు మీదికి వెళ్ళడం మానలేదు. వట్టి చేతులతో ఏం చేస్తున్నాడోనని మొన్నొకరోజు ఫెర్రీకి బయల్దేరబోతూ వెనకే వెళ్ళాను. నీటిమీద ఒక్క చేపా లేదు. ఆయన వంగి, అరచెయ్యి నీళ్ళకి ఆనించి మెల్లగా చెబుతున్నాడు.

"రాకండి నానా, పైకి రాకండి. అడుగునే ఉండండి. నానిక్కడే కూకున్నాను."

ఆ పూట మొదటి ఫెర్రీ వదిలేసి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.