బాప్తిస్మపు తొట్టి తెర కడ్డీ

కనకరాజంత మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు. పైగా పెళ్లి కూడా చేసుకున్నాను.

రంగూను శివారు ఇన్సేన్‌లో ఇనుము తిప్పి చెక్కే మా లేతు దుకాణం వాళ్ల తాతది. తెల్లదొరల కాలంలో లైసెన్సు దొరికేది కాబట్టి ఆయన రంగూను నడిబొడ్డున దర్జాగా తుపాకులు బాగుచేసేవాడు. సైన్యం గద్దెనెక్కాక లైసెన్సులు పోయాయి, ఆ పనీ పోయింది. లేతు ఇన్సేన్ చేరి బస్సుల ఇరుసులు తిప్పడం మొదలుపెట్టింది. తుపాకి గొట్టం తొలిచే పొడవాటి ఇనుప కడ్డీ ఒక్కటి మాత్రం మిగిలింది. మా ఆయన ఏటా క్రిస్మస్‌కి దానికి కొబ్బరినూనె పూసి మురిసిపోయేవాడు.

2021లో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది, ఊరు తిరగబడింది. ఇంటర్నెట్ ఆగింది, వీధులకు అడ్డాలు పడ్డాయి. మా పక్క లేతు దుకాణం కో టిన్ ఆంగ్ మిషను విప్పి మూటగట్టాడు.

"ఇక్కడ తుపాకి గొట్టానికి బెజ్జం పెడితే జైలు. సరిహద్దు కొండల్లో అడిగేవాడు లేడు. ఈ పనంతా అటే పోతోంది. ఆ కడ్డీ నాకివ్వు," అన్నాడు.

కనకరాజు ఇవ్వలేదు.

"అయితే ఏట్లో పారెయ్! అది దొరికితే నిన్ను జైల్లో ఏసేత్తారు!" అని నేను నోరు చేసుకున్నాను.

"తాత సెయ్యి పడిందే దానిమీద. ఎలా పారెయ్యమంటావు?"

మర్నాటికి కడ్డీ దుకాణంలో లేదు. ఏట్లో కలిసిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మా తెలుగు బాప్టిస్టు గుడిలో బాప్తిస్మానికి మనుషుల్ని ముంచే తొట్టికి ఒక తెర ఉంటుంది. ఆ వారం దాన్ని ఉతికే వంతు నాది. ఉతికిన తెర తొడుగుదామని వెళితే పాత వెదురు కర్ర లేదు. దాని చోట మా కడ్డీ! కొబ్బరినూనె వాసనతో సహా! సరిగ్గా అప్పుడే సైనికులు సోదాకి గుడిలోకి వచ్చారు.

దేవుడా, వీళ్ల కళ్లు కప్పు అనుకుంటూ కడ్డీ దించి దానికి తెర ఎక్కించసాగాను. వాళ్ల అధికారి దగ్గరికొచ్చి ఇదేమిటని బర్మీస్‌లో అడిగాడు. నీళ్లలో మునిగిన ఆడవాళ్లు తడిబట్టలతో ఉంటారు, అందుకే తెర, అన్నాను. పాపం సిగ్గుపడ్డాడు. కడ్డీ ఎత్తలేక నేను అవస్థ పడుతుంటే, తన తుపాకి భుజాన తగిలించుకుని, రెండో కొస పట్టుకుని మేకు మీద పెట్టాడు.

"బరువుగా ఉందే అమ్మా," అన్నాడు. చేతికంటిన నూనె ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని వాయించేశాను. తిడుతూనే ఏడ్చేశాను. "నీకేటైనా మతుందా? ముందే నాకో మాట సెప్పొద్దా?"

"నీ వంతని తెలిసే అక్కడ ఎట్టేనే. నువ్వు అరుత్తావు గానీ అప్పగించవు," అన్నాడు తాపీగా.

ఎంత నమ్మకమండీ నామీద! నాకే లేదు అంత. ఇప్పుడు వంతు ఎవరిదైనా సరే, ఆ తెర నేనే ఉతుకుతున్నాను.